బొమ్మ విమానాలు – అసలు రంగులు

సావనీర్ కమిటీ వారు "ఏదైనా ఒక చరిత్ర వ్యాసం రాసిపెట్టండి డాక్టరు గారూ" అని అడిగినప్పుడు, నేను కాకతీయుల గురించో కృష్ణదేవరాయల గురించో రాస్తానని ఆశపడి ఉంటారు. ఆ పనికి మన సంఘంలో నాకంటే అర్హులు చాలామందే ఉన్నారు. నాకు తెలిసిన చరిత్ర అంతా మా ఇంటి బేస్‌మెంట్‌లో, ఒక బల్ల మీద, బొటనవేలంత సీసాల్లో ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం నాటి విమానాలకూ టాంకులకూ చిన్న నమూనాలు చేసి, వాటికి ఆనాటి రంగులే వేయాలని పట్టుబట్టడం నా వ్యసనం. ప్లాస్టిక్ ముక్కలు అతికించడం ఎవరైనా చేస్తారు. చిక్కంతా రంగు దగ్గరే వస్తుంది. ఫలానా విమానం, ఫలానా నెలలో, సరిగ్గా ఏ రంగులో ఉంది? ఈ ప్రశ్న పట్టుకుని బయలుదేరినవాడు సాయంత్రానికి ఇల్లు చేరడు.

దసరాకి మా ఇంట్లో బొమ్మల కొలువు తీర్చినప్పుడు మా ఆవిడ దయతలచి కింది మెట్టు మీద ఒక మూల నా విమానాలకు చోటు ఇస్తుంది. పేరంటానికి వచ్చినవాళ్లు కొండపల్లి ఏనుగు అంబారీని చూసి "ఎంత బాగుందో" అంటారు. నా విమానం దగ్గరికి వచ్చేసరికి "ఇది పిల్లలదా?" అంటారు. ఏనుగుకి ఏ రంగు వేసినా అడిగేవాడు లేడు. విమానానికి అలా కాదు. దాని మీద రంగు అలంకారం కోసం వేసింది కాదు. ఎవరో ఒక అధికారి, ఏదో ఒక భయంతో, ఒక తేదీన సంతకం చేసి వేయించింది. అందుకే దాన్ని చరిత్ర అంటున్నాను.

నేను చేసేవి ఎక్కువగా 72వ వంతు నమూనాలు. అంటే ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం అవుతాడు. ఈ కొలత ఇంతగా వాడుకలోకి రావడం వెనుక కూడా యుద్ధమే ఉంది. 1942లో అమెరికన్ నౌకాదళం దేశంలోని బడిపిల్లలను అయిదు లక్షల విమాన నమూనాలు కర్రతో చెక్కి ఇమ్మని అడిగింది. ఆకాశంలో కనబడేది మనదో శత్రువుదో గుర్తుపట్టడం సైనికులకు నేర్పడానికి. ఆ నమూనాలన్నిటికీ వేసినది ఒక్కటే రంగు, నలుపు. ఆకారం తెలిస్తే చాలు, రంగుతో పనిలేదనుకున్నారు. రంగు సంగతి యుద్ధం ముగిశాక మావంటి వాళ్ల నెత్తిన పడింది.

"రంగుల పట్టిక చూసి వేస్తే సరిపోదా?" అని ఒక మిత్రుడు అడిగాడు. పట్టికలకు కొదవలేదు. బ్రిటిష్ వారి 381 నంబరు ప్రమాణం 1930లోనే వచ్చింది. అమెరికాలో ఫెడరల్ స్టాండర్డ్ 595 అనేది 1956లో మొదలై, 2017 దాకా నడిచింది. ఇప్పుడు దాని స్థానంలో ఎస్.ఎ.ఇ. వారి ప్రమాణం ఉంది. ఆ పట్టికలో ప్రతి రంగుకీ అయిదంకెలు. 34087 అన్నారనుకోండి. మొదటి 3 అంటే మెరుపు లేనిది, 4 అంటే ఆకుపచ్చల వర్గం, మిగిలిన మూడూ అది సుమారుగా ఎంత ముదురో ఎంత లేతో చెబుతాయి. అది ఆలివ్ డ్రాబ్ అనే సైనికుల ఆకుపచ్చ. కానీ ఒక్క విషయం గమనించండి. పట్టిక 1956ది, యుద్ధం 1945లో ముగిసింది. పెళ్లయిన పదకొండేళ్లకి తీసిన ఫోటో చూసి పెళ్లికూతురి చీర రంగు చెప్పమన్నట్టు ఉంటుంది.

ఇంతకీ యుద్ధకాలపు ఆలివ్ డ్రాబ్‌లో అసలు ఆకుపచ్చ రంగుపొడి అక్కరలేదు. నలుపూ, పసుపుమన్నూ కలిపితే కంటికి ఆకుపచ్చగా అనిపిస్తుంది. ఎండకు అది ఒక్కొక్కచోట ఒక్కొక్క రకంగా వెలుస్తుంది. లోహపు రేకు మీద ఒక తీరు, గుడ్డ కప్పిన తోక భాగాల మీద ఇంకో తీరు. మా ఊరు డేటన్‌లో అమెరికన్ వైమానిక దళం మ్యూజియం ఉంది. అందులో 'మెంఫిస్ బెల్' అనే పేరుగాంచిన బి-17 బాంబరు ఉంది. ఏళ్ల తరబడి మెంఫిస్ నగరంలో ఎండకూ వానకూ నిలబడిన దాన్ని 2005లో ఇక్కడికి తెచ్చి, పదమూడేళ్లు మరమ్మత్తు చేసి, 2018 మే 17న ప్రజలకు చూపించారు. పైన వేసిన రంగుల పొరలు తీస్తూ పోతే, 1943లో అది ఊరూరా తిరిగినప్పుడు జనం రేకు మీద గీకిన పేర్లు బయటపడ్డాయి. మన గుళ్లలో గోడల మీద గీకే పేర్ల గురించి మనం తిట్టుకుంటాం గానీ, అసలు పొర ఏదో తేల్చడానికి అలాంటి గీతలు భలే పనికివస్తాయి.

నా వృత్తి పేథాలజీ. రోజంతా మైక్రోస్కోపు కింద గులాబీ, ఊదా రంగుల మధ్యనే బతుకుతాను. కణజాలానికి హెమటాక్సిలిన్, ఇయోసిన్ అద్దితే కేంద్రకం నీలి ఊదాగా, మిగతాది గులాబీగా కనిపిస్తుంది. ఆ గాజుపలక వెలుతురులో వదిలేస్తే గులాబీ ముందు పారిపోతుంది. పాత పలక చూసి "ఈ రోగి కణజాలం పాలిపోయింది" అని రాస్తే ఉద్యోగం ఊడుతుంది. పాలిపోయింది రంగు, కణజాలం కాదు. పాత విమానాల విషయంలోనూ ఇదే జాగ్రత్త పనికివస్తుంది. ముందు ఎదురుగా ఉన్న సాక్ష్యానికి ఏమైందో తెలుసుకుని, ఆ తరువాతే రోగం సంగతి.

పాత నలుపు తెలుపు ఫోటోలు ఇంకా మాయ చేస్తాయి. ఆర్థోక్రోమాటిక్ అనే రకం ఫిల్ముకు ఎరుపు కనబడదు. అందువల్ల ఎరుపు నల్లగా, పసుపు ముదురుగా, నీలం తెల్లబోయినట్టుగా పడతాయి. ఒకే విమానం రెండు ఫోటోల్లో రెండు విమానాల్లా ఉంటే కారణం ఫిల్ము కావచ్చు. ఇక దీపం సంగతి మన ఆడవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. చీరకి మ్యాచింగ్ జాకెట్టు ముక్క కొట్టులో ట్యూబ్‌లైటు కింద చూసి, నమ్మకం చాలక వీధి గుమ్మంలోకి తెచ్చి మళ్లీ చూస్తారు. ఒక వెలుగులో ఒకటే అనిపించిన రెండు రంగులు ఇంకో వెలుగులో విడిపోతాయి. ఇది చాలదన్నట్టు, బొమ్మ చిన్నదవుతున్నకొద్దీ అదే రంగు మరీ ముదురుగా అనిపిస్తుంది. నిజమైన విమానాన్ని మనం దూరం నుంచి, మధ్యలో బోలెడంత గాలి ఉండగా చూస్తాం. అందుకని 72వ వంతు బొమ్మకు నూటికి పదిహేను వంతులు తెలుపు కలపాలని కొందరి లెక్క. నేను అంత కలపను. కంటికి ఎంత బాగుంటే అంత.

మ్యూజియంలో చూసి వేస్తే తిరుగుండదని అనుకునేవారికి మటిల్డా టాంకు కథ చెప్పాలి. 1940–41లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ టాంకులకు వాలు గీతలుగా మూడు రంగులు వేసేవారు. ఆ పద్ధతిని కాంటర్ అనే బ్రిగేడియరు పేరుతో పిలుస్తారు. మనవాళ్లకు ఈ టాంకులతో సంబంధం ఉంది. 1940 డిసెంబరు 9న నిబేవా దగ్గర ఇటాలియన్ల శిబిరం మీద పడినప్పుడు, ముందు మటిల్డాలు, వెంట నాలుగవ ఇండియన్ డివిజన్ సిపాయిలు. బ్రిటన్‌లో మ్యూజియంలో ఉన్న ఒక మటిల్డాకు తరువాతి కాలంలో రంగులు వేసినప్పుడు అందులో ఒక గీతకు లేత నీలం వేశారు. ఇంకేం, ప్రపంచమంతా దాన్నే చూసి నీలం వేసింది. కిట్ల పెట్టెల మీద నీలం, పుస్తకాల అట్టల మీద నీలం. చివరికి ఒక పరిశోధకుడు ఓపిగ్గా ఆనాటి సైనిక ఉత్తరువులు తిరగేసి, అవి 1930 నాటి బ్రిటిష్ ప్రమాణంలోని 64వ నంబరు పోర్ట్‌లాండ్ స్టోన్, 28వ నంబరు సిల్వర్ గ్రే, 34వ నంబరు స్లేట్ అని తేల్చాడు. ఆ సిల్వర్ గ్రే పేరుకే బూడిద. చూస్తే కాస్త ఆకుపచ్చ ఛాయ. నీలం ఎక్కడా లేదు. ఈ కథ విన్నాక నేను మ్యూజియానికి వెళ్లినప్పుడు మొదట అడిగే ప్రశ్న, "దీనికి మళ్లీ రంగు ఎప్పుడు వేశారు?" అని.

ఇక అసలు విషయానికి వస్తాను. జపాను వారి జీరో విమానం. పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన విమానాల్లో అందరికీ గుర్తుండే పేరు అదే. చాలాకాలం దాన్ని తెల్లగానో, లేత బూడిదగానో వేసేవారు. కానీ కూలిన జీరోల నుంచి సైనికులు జ్ఞాపకంగా కోసుకున్న రేకు ముక్కలు తరువాత బయటకు వచ్చాయి. పైపైన సున్నంలా పొడిబారిన పొరను మెల్లగా రుద్దితే కింద ఆకుపచ్చ, గోధుమ కలిసిన బూడిద. 1942 నాటి జపాను నౌకాదళం సాంకేతిక నివేదిక ఒకటి ఆ రంగును జె-3 బూడిద అంటూనే, అది కొంచెం 'అమె-ఇరో' వైపు మొగ్గుతుందని చెబుతుంది. ఈ మాట మీద అమెరికాలో పెద్ద పెద్ద వాదాలే నడిచాయి. 'అమె' అంటే జపానులో మిఠాయి పాకం. వాళ్లు ధాన్యపు పిండి నుంచి తీసే పాకం. ఇంగ్లీషువాళ్లకు ఆ రంగు ఊహకు అందక తేనె అన్నారు, అంబరు అన్నారు. మనకి అంత కష్టం లేదు. అరిసెల కోసం పెట్టిన బెల్లం పాకం ఇంకా ముదరకముందు, గరిటెతో ఎత్తి వెలుగులోకి పెట్టి చూడండి. ఆ ఛాయ బూడిద మీద పల్చగా పరిచినట్టు ఊహించుకుంటే దగ్గరికి వచ్చినట్టే. నా జీరోకి నేను బూడిదలో కలిపినవి రెండు చుక్కల గోధుమ, ఒక చుక్క ఆకుపచ్చ.

అమెరికన్ల చేతికి పూర్తిగా చిక్కిన మొదటి జీరోల్లో ఒకటి అలాస్కా పక్కన అకుటాన్ దీవిలో దొరికింది. 1942 జూన్ 4న డచ్ హార్బర్ మీద దాడిలో దెబ్బతిని, పచ్చిక అనుకుని బురదనేలలో దిగబోయి తిరగబడింది. దాన్ని నడిపిన కోగా అనే యువకుడు అక్కడికక్కడే చనిపోయాడు. జూలైలో అమెరికన్ల కంటబడింది. శాన్ డియేగోకి చేర్చి, బాగుచేసి, సెప్టెంబరుకల్లా ఎగరేశారు. ఇంజనీర్లకు అది నిధి. రంగుల పిచ్చివాళ్లకు మాత్రం కడుపుమంట, ఎందుకంటే ఎగరేసేముందు దానిమీద శుభ్రంగా అమెరికన్ రంగులూ నక్షత్రాలూ వేసేశారు! 1945 ఫిబ్రవరిలో నేలమీద ఇంకో విమానం పంఖా తగిలి అది తుక్కు అయిపోయింది.

ఆ కోగా ఏ ఓడ నుంచి ఎగిరాడో చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. ఆ ఓడ పేరు ర్యూజో. దానికి రెండు నెలల ముందు, 1942 ఏప్రిల్ 6న, ఆ ర్యూజో మన బంగాళాఖాతంలో ఉంది. దాని విమానాలు బాంబులు వేసింది మన విశాఖపట్నం మీద, మన కాకినాడ మీద. అడ్మిరల్ ఒజావా దళం ఆ కొద్ది రోజుల్లో ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచింది. విశాఖ మీదికి వచ్చినవి జీరోలని మనవాళ్లు రాస్తుంటారు. అవి జీరోలు కావు. అమెరికన్లు 'కేట్' అని పేరుపెట్టిన నకజిమా బాంబర్లు. ర్యూజోకి జీరోలు చేరినది ఆ యాత్ర నుంచి తిరిగి వెళ్లాకే. అప్పుడు విశాఖలో తీర రక్షణకు మన దళం చేతిలో ఉన్నవి పాత వాపిటీలు. 1933లో నాలుగు వాపిటీలతోనే భారత వైమానిక దళం మొదటి స్క్వాడ్రన్ పుట్టింది. గుడ్డ కప్పిన రెండంతస్తుల రెక్కలు, గుడ్డ ఎండకు పాడవకుండా పైన వెండి పూత. తొమ్మిదేళ్ల తరువాత కూడా అవే. బాంబులు పడ్డాక ఊరు సగం ఖాళీ అయింది. ఎడ్లబళ్ల మీద, కాలినడకన పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది.

మా తాతగారు, అంటే అమ్మ తండ్రి, అప్పుడు పన్నెండేళ్ల కుర్రాడు. పాత ఊళ్లో ఉండేవారు. నేను మెడిసిన్ చదువుకునే రోజుల్లో ఒకసారి ఆ విమానాలు ఏ రంగులో ఉన్నాయని అడిగాను. "రంగేటని అడుగుతావేట్రా! ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెడుతుంటే. రెక్కల కింద ఎర్రటి సుక్క. మీ అమ్మమ్మ బొట్టులాగ గుండ్రంగా. అంతే" అన్నారు. ఆయన 2011లో పోయారు. ఆ మాట మా ఇంట్లో చిన్న తగువుగా మిగిలింది. మా పెద్దమామయ్య నమ్మడు. "నాన్న చూసింది బ్రిటిష్ విమానాలేరా. వాటికీ మధ్యలో ఎర్ర చుక్క ఉండేది. పన్నెండేళ్ల పిల్లాడికి తేడా ఏం తెలుస్తుంది?" అంటాడు.

మామయ్య మాటలో సగం నిజం ఉంది. బ్రిటిష్ వారి గుర్తు నీలం, తెలుపు, ఎరుపు వలయాలు. జపాను వారిది ఒట్టి ఎర్ర బిళ్ల. తొందరలో చూసే తుపాకీవాడికి ఎరుపు కనబడితే చాలు, వేలు నొక్కేస్తాడు. ఈ భయంతోనే అమెరికన్లు 1942 మేలో తమ నక్షత్రం నడుమ ఉన్న ఎర్ర చుక్క తీసేశారు. ఇండియాలో బ్రిటిష్ వారు, మన దళం కూడా, ఎరుపును తుడిచేసి ముదురు నీలం చుట్టూ, నడుమ లేత నీలం వేసుకున్నారు. 1943 చివర మౌంట్‌బాటెన్ కింద ఏర్పడిన ఆగ్నేయాసియా కమాండ్‌లోని బ్రిటిష్ విమానాలు, మన విమానాలు ఆ రెండు నీలాలతోనే బర్మా మీద ఎగిరాయి. ఆ లేత నీలానికి వేరే సీసా కొనక్కరలేదు, తెలుపులో అదే ముదురు నీలం కొద్దిగా కలిపితే వస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక కొన్నాళ్లు మన విమానాల మీద నీలి అశోక చక్రం ఉండి, 1950 నుంచి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు వచ్చాయి. ఆ మూడు రంగులకూ కొలతలున్నాయి. భారత ప్రమాణాల సంస్థ ప్రకటించిన మొట్టమొదటి ప్రమాణం, ఐ.ఎస్. 1, మన జాతీయ పతాకం గురించే. 1951లో వచ్చింది. పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడలో గాంధీగారి చేతికి జెండా నమూనా ఇచ్చిన ముప్పై ఏళ్లకు.

మళ్లీ తగువు దగ్గరికి వస్తే, 1942 ఏప్రిల్ నాటికి విశాఖ మీద తిరిగే బ్రిటిష్ విమానాలకు ఎర్ర చుక్క ఉండేదన్నది నిజమే. కానీ ఎక్కడ, ఎంత? రెక్కల పైవైపు గుర్తులో ఎరుపు పెద్దది, చుట్టూ నీలం. అది నేలమీద ఉన్నవాడికి కనబడదు. కిందివైపు గుర్తుకు ఒకటి, మూడు, అయిదు అనే లెక్క ఉండేది. ఎరుపు అడ్డకొలత ఒకటైతే తెలుపుది మూడు, నీలానిది అయిదు. అంటే మొత్తం గుర్తు విస్తీర్ణంలో ఎరుపు ఇరవై అయిదో వంతు. నూటికి నాలుగు. కింద నుంచి తలెత్తి చూసినవాడికి కనబడేది నీలం, తెలుపు. ఎరుపు ఆవగింజంత. అలాంటిది చూసినవాడు చక్రం అంటాడు, సున్నాలో సున్నా అంటాడు. బొట్టు అనడు. చుట్టూ ఏమీ లేని, రెక్క కింద సగం ఆక్రమించిన ఒట్టి ఎర్ర బిళ్ల చూసినవాడే బొట్టు అంటాడు.

క్రిందటి థాంక్స్‌గివింగ్ సెలవుల్లో 72వ వంతు కేట్ ఒకటి పూర్తిచేశాను. రెక్కల కింద ఎర్ర బిళ్ల చుట్టూ ఏ గీతా వేయలేదు. ఫోటో తీసి, పక్కన ఒకటి–మూడు–అయిదు లెక్క రాసి, మామయ్యకి పంపాను. రెండు రోజుల తరువాత ఫోన్ చేశాడు. విమానం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "అమ్మ బొట్టు నిజంగా అంత పెద్దదేరా" అన్నాడు.